కరీబియన్‌లో తెరచాప బోటు మీద ఒక సీజన్: ముందు లంగరు సంగతి చూసుకోండి

మీ ప్రశ్న ఇది. హ్యూస్టన్‌లో ఉంటున్న మీరిద్దరూ ఫ్లోరిడాలో ఒక 38 అడుగుల సెయిల్‌బోటు చూశారు. ఉద్యోగాలకు ఏడాది విరామం ఇచ్చి, నవంబరులో బయలుదేరి కరీబియన్ దీవులు తిరగాలని ఆలోచన. బోటులో ఏమేం మార్చుకోవాలి, రోజు ఎలా గడుస్తుంది, మీ ఆవిడకు ఈత అంతంతమాత్రం కాబట్టి భయపడాల్సింది ఉందా అని అడిగారు. మీది అమెరికా పాస్‌పోర్టు, ఆవిడది ఇండియా పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు ఉందని కూడా రాశారు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పుట్టింది విశాఖలో. మర్చంట్ నేవీలో 24 ఏళ్ళు ఇంజను రూములో పనిచేశాను. ఆ తర్వాత నేనూ మా ఆవిడా 37 అడుగుల పాత బోటు మీద నాలుగు సీజన్లు యాంటిగా నుంచి ట్రినిడాడ్ దాకా తిరిగాం. పెద్ద ఓడల అనుభవం ఇంజను దగ్గర పనికొచ్చింది. మిగతాదంతా మొదటి నుంచి నేర్చుకున్నాం.

మా మొదటి సీజన్ లాగ్‌బుక్ ఇప్పుడే తీసి చూశాను. 168 రోజుల్లో మేం ప్రయాణం చేసింది 34 రోజులు. మిగిలిన 134 రోజులూ ఏదో ఒక బేలో లంగరు మీదే ఉన్నాం. నేను చెప్పదలచుకున్నదంతా ఈ లెక్కలోనే ఉంది. బోటు కొనేవాళ్ళు సెయిల్స్ గురించి, స్క్రీన్ల గురించి, ఆటోపైలట్ గురించి అడుగుతారు. రాత్రి లంగరు మీద నిద్ర పడుతుందా, నీళ్ళున్నాయా, కరెంటు ఉందా అని మాత్రం అడగరు. ఈ మూడూ ఉంటే మీ ఆవిడ రెండో సీజన్‌కి కూడా వస్తారు. లేకపోతే ఫిబ్రవరికల్లా విమానం ఎక్కేస్తారు. అలా మధ్యలో బోటు అమ్ముకుని వెళ్ళిపోయిన జంటల్ని మేం చూశాం. వాళ్ళలో ఎవరినీ తుపాను వెనక్కి పంపలేదు. నిద్రలేని రాత్రులు పంపాయి.

ముందు గాలి లెక్క చూద్దాం. అక్కడ ఏడాది పొడుగునా తూర్పు గాలే. చలికాలంలో కొంచెం ఈశాన్యానికి, వేసవిలో కొంచెం ఆగ్నేయానికి జరుగుతుంది, అంతే. మామూలుగా 15 నుంచి 20 నాట్స్ ఉంటుంది (ఒక నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు). డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మధ్యమధ్యలో 25, 30 నాట్స్ గాలి రోజుల తరబడి వీస్తుంది. వాటిని క్రిస్మస్ గాలులంటారు. ఇప్పుడు మ్యాపు చూడండి. ఫ్లోరిడా పడమర, మీరు చేరాల్సిన దీవులు తూర్పు. బహామాస్, టర్క్స్ అండ్ కైకోస్, డొమినికన్ రిపబ్లిక్‌లోని లూపెరోన్, మోనా జలసంధి, ప్యూర్టో రికో మీదుగా వర్జిన్ దీవుల దాకా సుమారు వెయ్యి మైళ్ళు ఎదురుగాలే. ఈ దారికి అనుభవజ్ఞులు పెట్టిన పేరే ముళ్ళ దారి. కొత్త బోటు, కొత్త మనుషులు, నెలల తరబడి ఎదురుదెబ్బలు. మీ ఇద్దరికీ మొదటి సంవత్సరం అది వద్దు.

ఇంకో దారి ఉంది. నవంబరు మొదట్లో వర్జీనియాలోని హాంప్టన్ దగ్గర బయలుదేరి, అట్లాంటిక్‌లోకి తూర్పుగా వెళ్ళి, తర్వాత దక్షిణానికి తిరిగి యాంటిగా చేరడం. సుమారు 1,500 మైళ్ళు, పది పన్నెండు రోజుల సముద్రం. దానికి అనుభవం ఉన్న మూడో మనిషి, వీలైతే నాలుగో మనిషి కూడా కావాలి.

మీరు అడగకపోయినా నా సలహా ఒకటి చెప్తాను. ఫ్లోరిడా బోటు మీద ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే, బోటును దీవుల్లోనే కొనండి. మార్టినిక్‌లోని లె మరాన్‌లో, గ్రెనడాలో, బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో ఎప్పుడూ అమ్మకానికి బోట్లుంటాయి. చాలామంది అట్లాంటిక్ దాటి వచ్చి, ఒకటి రెండేళ్ళు తిరిగి అక్కడే అమ్మేసి వెళ్తారు. అలాంటి బోటులో సోలార్ ప్యానెళ్ళు, సముద్రం నీళ్ళను మంచినీళ్ళు చేసే వాటర్‌మేకర్, మంచి లంగరు సాధారణంగా ముందే ఉంటాయి. విమానం ఎక్కి వెళ్ళి బోటు ఎక్కితే వెయ్యి మైళ్ళ ఎదురుగాలి మొత్తం తప్పుతుంది.

అలా కాదు, ఫ్లోరిడా బోటే కావాలి, ముళ్ళ దారే పట్టాలి అంటే ఒక్క సూత్రం పెట్టుకోండి. తేదీ చూసి కదలకండి, గాలి తగ్గాకే కదలండి. చలికాలంలో ఉత్తరం నుంచి చల్లగాలి అంచు (కోల్డ్ ఫ్రంట్) ఒకటి దిగే ముందు ఒకటి రెండు రోజులు తూర్పు గాలి మెత్తబడుతుంది. అప్పుడు ఒక అంగ వేయాలి. డొమినికన్ రిపబ్లిక్, ప్యూర్టో రికో తీరాల్లో రాత్రిపూట కొండల మీంచి నేల గాలి దిగి, సముద్రం మీది గాలిని ఆపుతుంది. ఒడ్డుకు దగ్గరగా అర్ధరాత్రి బయలుదేరి తెల్లవారి ఎనిమిదికల్లా లంగరు వేసేయాలి. మన వైపు వేటకెళ్ళే బోట్లు వేకువనే నేల గాలిని పట్టుకుని బయలుదేరడం చూసే ఉంటారు. అదే పద్ధతి.

ఇక లంగరు. మీ సైజు బోటుకు 20 నుంచి 25 కిలోల లంగరు, 10 మిల్లీమీటర్ల చైను కనీసం 60 మీటర్లు కావాలి. రోక్నా, మాంటస్, స్పేడ్ లాంటి కొత్త తరం లంగర్లలో ఏదైనా సరే. తయారీదారు పట్టికలో మీ బోటుకు చెప్పిన సైజు కంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. బోటుతో పాటు పాత తరం లంగరు వస్తే దాన్ని రెండో లంగరుగా ఉంచుకోండి. కొత్తది కొనడానికి అయ్యే ఖర్చు దారి చూపే స్క్రీను, అంటే ఒక మంచి చార్ట్‌ప్లాటర్ ధర కంటే తక్కువే. స్క్రీను వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు.

లెక్క ఇలా వేయాలి. నీటి లోతు 5 మీటర్లు, నీటి మట్టం నుంచి బోటు ముక్కు ఎత్తు మీటరున్నర. మొత్తం ఆరున్నర. దానికి ఐదు రెట్లు అంటే సుమారు 33 మీటర్ల చైను వదలాలి. గాలి గట్టిగా ఉంటే ఏడు రెట్లు, అంటే 45 మీటర్లు. చాలామంది లోతుకే రెట్లు కట్టి బోటు ముక్కు ఎత్తు మర్చిపోతారు. లోతు తక్కువగా ఉన్నచోట ఆ మీటరున్నరే తేడా తెస్తుంది. ఆటుపోట్లు అక్కడ అర మీటరు లోపే కాబట్టి ఆ టెన్షన్ లేదు. చైను వదిలాక ఇంజను రివర్సులో వేసి మెల్లగా 2,000 ఆర్‌పీఎం దాకా పెంచి, ఒడ్డున ఉన్న రెండు గుర్తులు ఒకదానికొకటి కదలకుండా ఉన్నాయేమో చూడాలి. చైను మీద భారం పడకుండా పది మీటర్ల నైలాన్ తాడు కొక్కెంతో తగిలించాలి. ఆ తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని నీళ్ళలో దిగి, లంగరును కళ్ళారా చూసి రావాలి. నీళ్ళు అద్దంలా ఉంటాయి. చూడకపోవడానికి సాకు దొరకదు.

ఇది నాకు సెయింట్ విన్సెంట్ పక్కనున్న బెక్వియా దీవిలో అడ్మిరాల్టీ బే నేర్పింది. మొదటి సీజన్ జనవరి. సాయంత్రం ఐదున్నరకు చేరాం, వెలుతురు తగ్గిపోతోంది. లంగరు వేశాను, పట్టినట్టే అనిపించింది. అలసటతో దిగి చూడలేదు. రాత్రి 2 గంటల 10 నిమిషాలకు కొండ మీంచి గాలి విసురు వచ్చింది. ఫోనులో లంగరు అలారం మోగేసరికి వెనక బోటు మీది దీపం ఉండాల్సిన దూరంలో లేదు. నేను పైకి వెళ్ళి చైను మీద చెయ్యి పెట్టాను. పట్టిన లంగరు చైను చేతికి బిగువుగా, నిశ్శబ్దంగా తగులుతుంది. జారే లంగరు చైను మాత్రం చేతి కింద టకటకమని వణుకుతుంది, రోడ్డు మీద లాక్కెళ్ళే ఇనుప రాడ్డులా. ఆ వణుకు ఒకసారి చేతికి తెలిస్తే మళ్ళీ మర్చిపోరు. మా ఆవిడ చుక్కాని పట్టుకుని ఇంజను నడిపితే, నేను చైను లాగాను. లంగరు పైకొచ్చేసరికి దాని మొన చుట్టూ గంపెడు సముద్రపు గడ్డి. ఇసుక అనుకుని గడ్డి మీద వేశాను. గడ్డిలో మొన దిగదు, వేళ్ళలో ఇరుక్కుని పట్టినట్టు నటిస్తుంది. పైనుంచి చూస్తే ముదురు రంగు గడ్డి లేదా రాయి, లేత పచ్చ రంగు ఇసుక. అందుకే ఎండ నడినెత్తి నుంచి వాలకముందే, మధ్యాహ్నం మూడు లోపు చేరాలి. ఆ రోజు నుంచి మాకది నియమం.

పగడాల మీద మాత్రం ఎప్పుడూ వేయకండి. మన లంగరు నిలబడదు, వాళ్ళ పగడం మళ్ళీ పెరగదు. సెయింట్ లూసియాలో పిటన్స్ దగ్గర లంగరు వేయడం నిషేధం, డబ్బు కట్టి మూరింగ్ బంతి, అంటే సముద్రం అడుగుకు కట్టి తేలేలా ఉంచిన బంతి తీసుకుని బోటు దానికి కట్టాలి. ఏ మూరింగ్ తీసుకున్నా ఒకసారి దిగి, అడుగున తాడు, దాన్ని బిగించే ఇనుప కొక్కెం (షాకిల్) ఎలా ఉన్నాయో చూసుకోండి.

ఇంజను గురించి చెప్పడం మొదలుపెడితే నాకు ఆగడం కష్టం. ముఖ్యమైనవి రెండే చెప్తాను. మొదటిది డీజిల్ శుభ్రత. పాత బోటు ట్యాంకు అడుగున ఏళ్ళ తరబడి నీళ్ళు, నల్లటి జిగురు పేరుకుని ఉంటాయి. మెరీనాలో కట్టి ఉన్నంతకాలం ఏమీ కాదు. మొదటి గట్టి అలకు ట్యాంకు కుదిపితే అదంతా ఫిల్టర్‌లోకి వచ్చి ఇంజను ఆగుతుంది, అదీ సరిగ్గా అవసరమైనప్పుడు. బయలుదేరే ముందు ట్యాంకు తెరిపించి కడిగించండి. ఫిల్టర్లు కనీసం డజను ఉంచుకోండి, చీకట్లో టార్చి వెలుగులో మార్చడం, గాలి తీయడం ఇద్దరూ నేర్చుకోండి.

రెండోది ఇంజనును చల్లార్చే ఉప్పునీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్, అంటే నీళ్ళను తోసే రెక్కల చక్రం. మూడో సీజన్‌లో లె మరాన్ కాలువలోకి వెళ్తుంటే, రెండు పక్కలా మిట్టలు, వేడి అలారం మోగింది. ఎగ్జాస్ట్‌లో నీళ్ళు రావడం లేదు. ఇంజను ఆపి, పక్కన ఆరు మీటర్ల లోతులో లంగరు దింపాం. లంగరు ఎప్పుడూ దింపడానికి సిద్ధంగా ఉంచుకోమనేది ఇందుకే, అది మీ బోటుకున్న బ్రేకు. నీళ్ళు లోపలికొచ్చే దారిలోని జల్లెడ (స్ట్రెయినర్) నిండా సర్గాసమ్ నాచు. పంపు పొడిగా తిరిగి ఇంపెల్లర్ ఆరు రెక్కల్లో రెండు విరిగాయి. కొత్త ఇంపెల్లర్ వేయడానికి పది నిమిషాలు పట్టింది. విరిగిన రెండు రెక్కల్ని వెతకడానికి గంటన్నర. అవి దొరకాల్సిందే. హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర ఇరుక్కుని ఉంటాయి, వదిలేస్తే పదిరోజులకు మళ్ళీ వేడెక్కుతుంది. పట్టకారుతో ఒకటి, తీగ వంచి ఇంకొకటి లాగాను. రెండూ పాత ఇంపెల్లర్ పక్కన పెట్టి, ఆరు లెక్క సరిపోయాకే మూత బిగించాను. ఈ గోధుమ రంగు నాచు 2011 నుంచి తూర్పు కరీబియన్‌కు గుట్టలు గుట్టలుగా కొట్టుకొస్తోంది. నాచు చాపల్లోంచి వెళ్ళిన రోజున స్ట్రెయినర్ తప్పకుండా తెరిచి చూడండి.

మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే స్టీలు తీగలు ఎప్పుడు మార్చారో పాత యజమానిని రాతపూర్వకంగా అడగండి. పదేళ్ళు దాటితే మార్చేయడమే మంచిది, ఇన్సూరెన్సు వాళ్ళు కూడా అడుగుతారు. తీగ కొసన బిగించిన గొట్టాల్లో వెంట్రుకంత పగులు కూడా భూతద్దంలో కనిపిస్తుంది. నెలకోసారి చూడాలి. సెయిల్స్ కొత్తవి కానక్కర్లేదు. ఎండ తగలకుండా కప్పే అంచు గుడ్డ, కుట్టు దారం గట్టిగా ఉంటే చాలు. అక్కడ గాలి కంటే ఎండే సెయిల్‌ను ఎక్కువ తింటుంది.

కరెంటు లెక్క సులువు. ఫ్రిజ్ ఒక్కటే ఆ వేడిలో రోజుకు 12 వోల్టుల మీద 50 నుంచి 70 ఆంపియర్ అవర్లు తాగుతుంది. మిగతా లైట్లు, ఫోన్లు, ఇంటర్నెట్ కలిపితే వంద దాటుతుంది. 400 వాట్ల సోలార్ మంచి ఎండలో ఆ వందను తిరిగి ఇస్తుంది, మబ్బు పట్టిన రోజు ఇవ్వదు. 600 వాట్లు, 300 నుంచి 400 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంటే ఇంజను వేయకుండా బతకొచ్చు. ఒక జాగ్రత్త. పాత బోటులో ఆల్టర్నేటర్ నుంచి నేరుగా లిథియంకు తీగ వేస్తే ఆల్టర్నేటర్ మాడిపోతుంది. మధ్యలో దానికి తగిన చార్జర్ ఉండాలి. ఆ పని తెలిసినవాళ్ళ చేతే చేయించండి.

నీళ్ళ విషయంలో అందరూ వాటర్‌మేకర్ ఉండాలా అని అడుగుతారు. లేకపోయినా బతకొచ్చు, మేం మొదటి సీజన్ లేకుండానే గడిపాం. ట్యాంకులో 350 లీటర్లు, ఇద్దరికీ రోజుకు 20 లీటర్లు. స్నానం సముద్రంలో, చివర రెండు చెంబుల మంచినీళ్ళు. గిన్నెలు ఉప్పునీళ్ళతో తోమి మంచినీళ్ళతో ఒక్కసారి తొలవడం. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ బకెట్లు లెక్కపెట్టిన వీధిలో పెరిగిన మా ఆవిడకు అదేం కొత్త కాలేదు. రెండో సీజన్‌లో గంటకు 30 లీటర్లు చేసేది పెట్టించాం. జీవితం తేలికైంది. అయితే మురికి రేవులో, నూనె తేలే నీళ్ళలో దాన్ని వేయకూడదు, పొర పాడవుతుంది. వారం వాడకపోతే మంచినీళ్ళతో కడగాలి. ఆ మంచినీళ్ళలో క్లోరిన్ ఉండకూడదు.

వంటింటి సంగతి చెప్తే ఇంట్లోవాళ్ళకు ధైర్యం వస్తుంది. మన వంట బోటుకు భలే నప్పుతుంది. ప్రెషర్ కుక్కర్ గ్యాసు ఆదా చేస్తుంది, బోటు ఊగినా ఒలకదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి, చింతపండు ఇవేవీ ఫ్రిజ్ అడగవు. కందిపప్పు, పెసలు, బియ్యం హ్యూస్టన్ నుంచే తీసుకెళ్ళండి. గాజు వద్దు, రబ్బరు మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో పోయండి. అట్టపెట్టె ఒక్కటి కూడా బోటు లోపలికి రానివ్వకండి. అట్ట మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. సరుకులన్నీ డింగీలోనే (ఒడ్డుకు వెళ్ళొచ్చే చిన్న పడవ) విప్పి, అట్టలు ఒడ్డునే వదిలేసి రండి. అరటి గెల కొంటే సముద్రం నీళ్ళలో ఒకసారి ముంచి తీయండి.

కూరల కోసం సంతకు పొద్దున్నే వెళ్ళాలి. గ్రెనడాలో సెయింట్ జార్జెస్ సంతలో మొదటి శనివారం మా ఆవిడ ఒక ముసలామె బుట్ట ముందు ఆగిపోయింది. కాడలతో కట్టిన పెద్ద పెద్ద చేమ ఆకులు! ఆమె వాటిని ‘కలాలూ’ అంది, కొబ్బరిపాలతో పులుసులా వండుతారట. మా ఆవిడ చింతపండు వేసి వండుతానని చెబితే ఆమె చాలాసేపు చేతులు తిప్పుతూ గొంతు దురద గురించి హెచ్చరించింది. అంటే పులుపెందుకో ఆమెకూ తెలుసు. తర్వాతి వారం మేం వండింది ఒక డబ్బాలో తీసుకెళ్ళి ఇచ్చాం. ఆ సీజన్ అంతా మాకు చేమాకు, దుంపలు ఆమె దగ్గరే. బెంగళూరు వంకాయను అక్కడ క్రిస్టోఫీన్ అంటారు, ప్రతి దీవిలో దొరుకుతుంది. మునగ, బెండ, గుమ్మడి, పచ్చి అరటి ఉంటాయి. ట్రినిడాడ్ వెళ్తే ఇల్లు చేరినట్టే. 1845 మే 30న ఫతెల్ రజాక్ ఓడలో మొదటి కూలీలు కలకత్తా నుంచి అక్కడ దిగారు. ఇప్పటికీ వంకాయను బైగన్ అంటారు, పొడుగు బొబ్బర్లను బోడీ అంటారు, కరివేపాకును కరాపులే అంటారు. ఆ చివరి మాట దక్షిణాది నుంచి వెళ్ళిందని వినగానే తెలుస్తుంది. గ్వాదెలూప్‌లో కాపెస్టేర్ దగ్గర షాంజీ గుడి ఉంది, పాండిచ్చేరి, కారైకాల్ రేవుల్లో ఓడ ఎక్కిన కూలీల వారసులది. రంగురంగుల గోపురం రోడ్డు మీంచే కనిపిస్తుంది. ఒకపూట కేటాయించండి.

చేపలు తినేవాళ్ళయితే ఒక మాట. గాలం వెనక లాగుతూ వెళ్తే దొరికే మాహి మాహి, ట్యూనా హాయిగా తినొచ్చు. పగడపు దిబ్బల దగ్గర తిరిగే పెద్ద చేపలు, ముఖ్యంగా బారకూడా తినకండి. సిగ్వటేరా అనే విషం ఉంటుంది. రుచిలో, వాసనలో తెలియదు, ఎంత ఉడికించినా పోదు. ఏ దీవిలో ఏ చేప మంచిదో అక్కడి జాలరినే అడగండి. ఇంకో విషం ఒడ్డున ఉంది. మాంచినీల్ అనే చెట్టు, చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు. కాయ తినకూడదు సరే, వానలో దాని కింద నిలబడినా ఒంటి మీద బొబ్బలొస్తాయి. కొన్నిచోట్ల మానుకు ఎర్ర రంగు చుట్టి ఉంటారు.

రోజు ఎలా గడుస్తుందన్నారు. ఆరింటికి లేస్తాం, బ్యాటరీ ఎంత ఉందో చూస్తాం, వాతావరణం వింటాం. పెద్ద లంగరు తావుల్లో ఉదయం వీహెచ్‌ఎఫ్ రేడియో మీద బోట్లవాళ్ళంతా మాట్లాడుకునే వేళ ఒకటుంటుంది. ఎవరికి ఏ పార్టు కావాలి, డాక్టరు ఎక్కడ, సంత ఎప్పుడు అన్నీ అందులో తెలుస్తాయి. తర్వాత పది పదకొండు దాకా ఏదో ఒక మరమ్మతు. రోజుకు ఒక్క పనే పెట్టుకోండి. రెండు పెట్టుకున్న రోజు రెండూ పూర్తి కావు, సాయంత్రం ఇద్దరి మధ్య మాట పడుతుంది. ఎండ పెరిగాక నీడన చదువుకోవడం, ఈత, ఒడ్డుకు వెళ్ళడం. చీకటి పడగానే డింగీని నీళ్ళలోంచి పైకెత్తి కట్టేయాలి, ఒక్క రాత్రి కూడా మర్చిపోకూడదు. అక్కడ పోయే వస్తువుల్లో మొదటిది డింగీ, దాని మోటారు. అది పోతే మీకు కారు పోయినట్టే. తొమ్మిదికి నిద్ర. బోట్లవాళ్ళకు అదే అర్ధరాత్రి.

దీవి నుంచి దీవికి ప్రయాణం సాధారణంగా 20, 30 మైళ్ళు, ఒక్క పగటి పని. డొమినికా, సెయింట్ విన్సెంట్ లాంటి ఎత్తైన దీవుల పడమటి పక్కన గాలి ఉండదు, ఇంజను వేసుకుంటారు. దీవి కొస దాటగానే కొండ చుట్టూ తిరిగి వచ్చిన గాలి ఒక్కసారి రెట్టింపవుతుంది, అలలూ లేస్తాయి. గాలి లేని చోట ఉండగానే సెయిల్ తగ్గించుకోవాలి. అక్కడికి చేరాక తగ్గిద్దాంలే అనుకుంటే డెక్ మీద ఇద్దరూ తడిసి ముద్దవుతారు. గ్రెనడాకు ఉత్తరాన కికెమ్ జెన్నీ అనే సముద్రం అడుగు అగ్నిపర్వతం ఉంది, మామూలు రోజుల్లోనూ దానికి కిలోమీటరున్నర దూరంగా వెళ్ళాలి. మనవైపు ఓడల్లో పనిచేసి వచ్చినవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇండియాలో రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయా (దారి గుర్తుగా తేలేది) ఎడమ పక్క. అమెరికా, కరీబియన్ అంతటా ఎర్రది కుడి పక్క. నాకు అలవాటు మారడానికి నెల పట్టింది.

కాగితాలు. ప్రతి దేశంలో పసుపు జెండా ఎగరేసి, కెప్టెన్ మాత్రమే దిగి కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ చూసుకోవాలి. వెనకటి దేశం ఇచ్చిన క్లియరెన్స్ తప్పనిసరి. చొక్కా వేసుకుని వెళ్ళండి. పని అడిగే ముందు గుడ్ మార్నింగ్ చెప్పండి, ఫ్రెంచ్ దీవుల్లో బోంజూర్. అది లేకుండా మాట మొదలుపెట్టడం అక్కడ పెద్ద అమర్యాద. బార్బడోస్, సెయింట్ లూసియా, గ్రెనడా లాంటి చాలా దీవుల్లో మిలటరీ డిజైన్ బట్టలు వేసుకోవడం నేరం. టోపీ, బ్యాగు కూడా చూసుకోండి. గ్రెనడా, డొమినికా, సెయింట్ విన్సెంట్‌లకు ఇండియా పాస్‌పోర్టుతో వీసా లేకుండా వెళ్ళొచ్చు. మార్టినిక్, గ్వాదెలూప్ మాత్రం ఫ్రాన్స్‌వే అయినా షెంజెన్‌లో భాగం కావు. ఆవిడ వీసా మీద ఆ ప్రాంతాలకు చెల్లుతుందని రాసి ఉండాలి. హ్యూస్టన్‌లో ఉండగానే తీసుకోండి, ఎందుకంటే ఆ రెండు దీవుల్లో మంచి పార్టులు, మంచి ఆసుపత్రులు ఉన్నాయి. గ్రీన్ కార్డు మీద ఏడాది దాటి బయట ఉండే అవకాశం ఉంటే రీఎంట్రీ పర్మిట్ కూడా ముందే. డబ్బు విషయానికొస్తే ఈస్టర్న్ కరీబియన్ డాలరు ఎనిమిది దేశాలు, పాలిత ప్రాంతాల్లో నడుస్తుంది, 1976 నుంచి అమెరికా డాలరుకు 2.70 దగ్గరే కట్టి ఉంది. ఫ్రెంచ్ దీవుల్లో యూరో.

తుపానుల సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30. ఇన్సూరెన్సు కాగితంలో ఆ ఆరు నెలలు బోటు ఎక్కడుండాలో రాసి ఉంటుంది, సంతకానికి ముందే చదవండి. గ్రెనడాకు తుపాన్లు రావని ఎవరైనా చెబితే నమ్మకండి. 2004 సెప్టెంబరు 7న ఐవాన్ వచ్చింది. 2024 జులై 1న బెరిల్ నాలుగో కేటగిరీలో గ్రెనడాకే చెందిన కారియకూ దీవి మీదికి వచ్చింది. మడ అడవుల మధ్య దాచిన బోట్లు కూడా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మీ ప్రణాళిక ఒక్క సీజనే కాబట్టి మే నెలాఖరుకల్లా బోటును ట్రినిడాడ్‌లో షాగ్వరామస్ యార్డులో ఒడ్డెక్కించి ఇంటికి రండి. యార్డులో చోటు జనవరిలోనే బుక్ చేసుకోవాలి.

చివరగా మీ ఆవిడ ఈత గురించి, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలు బెంగ అదే అనిపించింది. బాగా ఈత వచ్చినవాళ్ళయినా నడుస్తున్న బోటు మీంచి పడితే అందుకోవడం కష్టం. కాబట్టి ఈత కంటే పడకుండా ఉండడమే పని. డెక్ పొడవునా పట్టీలు కట్టి, రాత్రిపూట, గాలి గట్టిగా ఉన్నప్పుడు ఇద్దరూ ఒంటికి కట్టుకునే హార్నెస్‌ను వాటికి తగిలించుకోవాలి. డింగీలో ఎక్కువమంది ప్రమాదానికి లోనవుతారు, కాబట్టి అందులో లైఫ్ జాకెట్, మోటారు ఆపే తాడు మణికట్టుకు కట్టుకోవడం ఎప్పుడూ మానకండి. ఇప్పటి నుంచి నవంబరు దాకా వారానికి మూడు రోజులు కొలనులో నేర్చుకోమనండి. లోతులో పది నిమిషాలు తేలగలిగితే చాలు. అంతకంటే ముఖ్యం, బోటును ఆవిడ ఒక్కరే ఆపగలగాలి, తిప్పగలగాలి, లంగరు వేయగలగాలి, రేడియోలో మేడే, అంటే ప్రమాదంలో సాయం కోరే పిలుపు, చెప్పగలగాలి. నీళ్ళలో పడేది మీరైతే వెనక్కి తిప్పి తీసుకోవాల్సింది ఆవిడే. మొదటి నెలలో లంగరు వేసేటప్పుడు చుక్కాని ఆవిడకే ఇవ్వండి. మా ఇంట్లో మొదటి సీజన్ మధ్య నుంచి అలాగే సాగింది. బెక్వియాలో ఆ రాత్రి తర్వాత ఆమే అడిగి తీసుకుంది.

ఫ్లోరిడా బోటు వివరాలు ఇక్కడే రాయండి: చైను ఎన్ని మీటర్లు, లంగరు ఏ రకం, స్టీలు తీగలు మార్చిన సంవత్సరం, ఇంజను గంటలు, డీజిల్ ట్యాంకు ఎప్పుడు కడిగారు. సర్వే రిపోర్టు వస్తే అందులోని ఇంజను పేజీ కూడా పెట్టండి, చూసి చెప్తాను.